యుద్ధనౌకలో పెళ్లి విందులా అని బాధపడేవారికి

సంపాదకులు గారికి,

పది రోజుల కిందటి ఆదివారం సంచికలో 'వైల్డ్ గూస్' ఓడ గురించి వేశారు. అప్పుడే రాద్దామనుకుని, మనవడి పరీక్షల హడావిడిలో పడి ఊరుకున్నాను. మొన్న ఇదే శీర్షికలో ఒక పాఠకుడు, యుద్ధంలో పనిచేసిన నౌకను విందు వినోదాలకు తిప్పడం దాని పరువు తీయడమేనని వాపోయారు. అది చదివాక ఇక ఆగలేకపోయాను.

మీరు వేసింది సగం కథే. 'హాలీవుడ్ హీరో జాన్ వేన్ ఓడ' అని రాసి సరిపెట్టారు. అది రెండో ప్రపంచ యుద్ధంలో అమెరికా నౌకాదళానికి కట్టిన మైన్ స్వీపర్, అంటే సముద్రంలో శత్రువులు పెట్టిన మైన్లు (పేలుడు గుళ్లు) ఏరే ఓడ. నంబరు వైఎమ్మెస్-328. పొడవు 136 అడుగులు, చెక్క ఓడ. అయస్కాంత మైన్లు ఇనుము దగ్గరికొస్తే పేలతాయి కాబట్టి, వాటిని ఏరే ఓడలను ఆ రోజుల్లో చెక్కతో కట్టేవారు. సియాటిల్‌లోని బల్లార్డ్ మెరైన్ రైల్వే అనే యార్డులో తయారైంది. యుద్ధమయ్యాక అమ్మేస్తే, కొన్నవాళ్లు దాన్ని షికారు ఓడగా మార్చుకున్నారు. 1962లో జాన్ వేన్ దాన్ని లక్షా పదహారు వేల డాలర్లకు కొన్నాడు. మన లెక్కలో నూటపదహార్లు వెయ్యిసార్లు! సినిమాల్లో అన్ని యుద్ధాలు చేసిన ఆయన నిజం యుద్ధానికి వెళ్లనేలేదన్నది వేరే సంగతి. ఆయన 1979లో పోయాడు. ఓడ మాత్రం కాలిఫోర్నియాలోని న్యూపోర్ట్ బీచ్‌లో విందులకు, పెళ్లిళ్లకు అద్దెకు తిరుగుతూనే ఉంది. 2011లో వాళ్ల జాతీయ చారిత్రక కట్టడాల జాబితాకీ ఎక్కింది.

ఇక మీరు వదిలేసిన రెండో సగం. అదే యార్డులో, ఆ యుద్ధకాలంలోనే, అదే పనికి బ్రిటన్ కోసం ఇంకో చెక్క ఓడ కట్టారు. దాని పేరు చెబితే అందరికీ తెలుసు: 'కలిప్సో'. సముద్ర పరిశోధకుడు కూస్తో ఓడ. 1996లో సింగపూర్‌లో ఒక బార్జి గుద్ది మునిగితే పైకి తీశారు. అక్కడి నుంచి ఫ్రాన్సు తీసుకెళ్లారు. దాన్ని బాగు చేయించాలనే విషయంలో ఎవరికీ రెండో మాట లేదు. అందరికీ అది జాతి సంపదే. కానీ ఎవరిది, ఎవరు డబ్బివ్వాలి, ఎక్కడ పెట్టాలి అని ఏళ్ల తరబడి తగాదా. 2007లో మరమ్మతు కోసం ఒక యార్డులో చేర్చారు. డబ్బు గొడవ వచ్చి ఆ పని మధ్యలో ఆగింది. 2016లో టర్కీకి తరలించారు. మరుసటి ఏడాది అక్కడ అగ్గిపాలై కొంత కాలిపోయింది.

ఒకే యార్డు బిడ్డలు. పేకాట బల్ల వేయించుకున్నది నీళ్ల మీద తిరిగింది. పూలదండలు వేయించుకున్నది షెడ్డులో ఎండింది. పరువు ఎవరికి దక్కిందో ఆ పాఠకుడే చెప్పాలి.

నేనేమీ నౌకాదళంలో పనిచేసినవాణ్ణి కాను, గుమాస్తాగా రిటైరైనవాణ్ణి. కానీ మా తాత తాళ్లరేవులో పడవలు కట్టే వడ్రంగి. ఒకసారి ఒక ఆసామి అన్నదమ్ముల వాటాలు తెగక పడవని రెండు వేసవులు గట్టునే వదిలేశాడు. మా తాత వెంట చూడ్డానికెళ్తే పలకల మధ్య సందులో నా చిటికెన వేలు మొత్తం దూరింది. లోపల వాన నీరు నిలిచిన చోట చెక్క తడిసిన రొట్టెలా ఊడొచ్చింది. 'ఉప్పునీరు కాదురా, వాననీరే దీన్ని తినేది' అన్నాడు తాత. సందుల్లో దూది కూరి, గుగ్గిలం, నూనె పట్టించి నీళ్లలోకి దింపారు. దింపిన రాత్రంతా మా పిల్లలందరి చేతా నీళ్లు తోడించారు. తెల్లారేసరికి చెక్క ఉబ్బి సందులు మూసుకున్నాయి. చెక్క ఓడకి రోజూ ఎవరో ఒకరు చెయ్యి వెయ్యాలి. ఆ చేతికి జీతం ఎక్కడి నుంచి రావాలి? పెళ్లివారి దగ్గర్నుంచి వస్తే తప్పేముంది?

మన సంగతి చెప్పుకుంటే సిగ్గుచేటు. పాత విమానవాహక నౌక విక్రాంత్‌ను 2014లో ముక్కలు చేసి, ఆ ఉక్కుతో మోటార్ సైకిళ్ల పెట్రోలు ట్యాంకులు చేశారు. అలాంటిదే ఇంకో నౌక విరాట్‌ను విశాఖ తీరానికి తెచ్చి మ్యూజియం, హోటలు కడతామని మన ప్రభుత్వం 2016లో ఎంత ఊదరగొట్టిందో మీ పాత పేపర్లు తిరగేస్తే మీకే తెలుస్తుంది. ఆ తర్వాత మహారాష్ట్ర వాళ్లు తాము చేస్తామన్నారు. చివరికి 2020లో అది గుజరాత్‌లో ఓడలు విరిచే అలంగ్ కబేళాకి పోయింది. అదే ఏడాది వాయుగుండం గాలికి విశాఖ తెన్నేటి పార్కు దగ్గరికి కొట్టుకొచ్చిన బంగ్లాదేశ్ సరుకు ఓడను చూడగానే మాత్రం మనవాళ్లకు రెస్టారెంట్ ఆలోచన తన్నుకొచ్చింది. అందులో కాఫీ తాగే భాగ్యం నాకింకా కలగలేదు! ఒక్క కురుసుర జలాంతర్గామిని 2002 నుంచి బీచ్‌లో నిలబెట్టారు, ఆ మాట ఒప్పుకోవాలి. మిగతావన్నీ కమిటీలు, ప్రాజెక్టు రిపోర్టులు, శంకుస్థాపన ఫొటోలు. ఫైలు కదలాలంటే ఆఫీసరు కదలాలి. ఆయన కదిలేది బదిలీ వచ్చినప్పుడే.

ఇంకో మాట, ఇది మీ విలేఖరికి కూడా. చెక్క మైన్ స్వీపర్లంటే అమెరికా వాళ్ల సొత్తు అన్నట్టు రాశారు. మనకూ ఉండేవి. 1955లో బ్రిటన్ నుంచి వచ్చిన ఒకదానికి ఐఎన్ఎస్ బిమ్లీపటం అని పేరు పెట్టారు. అంటే మన భీమిలి. మరుసటి ఏడాది వచ్చిన నాలుగింట్లో ఒకటి ఐఎన్ఎస్ కాకినాడ. మా ఊరి పేరుతో ఒక యుద్ధనౌక తిరిగిందని మా ఊళ్లో ఎంతమందికి తెలుసు? బీచ్‌లో బొమ్మ డైనోసార్లకు చోటుంటుంది గానీ, ఈ పేరుతో ఒక బోర్డు నాకు ఎక్కడా కనబడలేదు. దాన్ని విందులకు తిప్పినా బాగుండేది, కనీసం ఏడాదికోసారి రంగన్నా వేసేవాళ్లు.

బిమ్లీపటం, కాకినాడ ఓడల ఫొటోలు మీ దగ్గరుంటే దయచేసి వెయ్యండి. వాటి మీద పనిచేసినవాళ్లు భీమిలిలోనో కాకినాడలోనో ఇంకా ఉంటే, ఓడ గంట ఎక్కడికి పోయిందో తెలిస్తే, ఈ శీర్షికకే ఒక కార్డు ముక్క రాయమనండి.

- ఒక రిటైర్డ్ గుమాస్తా, కాకినాడ