పెళ్లితో రెండు సంస్థలు ఒకటైనప్పుడు: అమెరికా ఆర్థిక మంత్రికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన అమెరికా ఆర్థిక మంత్రి గారికి,

చిన్న సంస్థలు నడిపే 401కె పథకాల (అంటే పదవీ విరమణ పొదుపు పథకాల) నిర్వహణ నా వృత్తి. ఈ లేఖ ఇంగ్లీషు ప్రతిని మీ కార్యాలయానికి పంపాను. ఇక్కడ వ్యాపారాలు చేసుకుంటున్న మా తెలుగువారు కూడా చదవాలని తెలుగులోనూ ప్రచురిస్తున్నాను. పెళ్లి వల్ల దంపతుల రెండు సంస్థలు చట్టం దృష్టిలో ఒకే యాజమాన్యం కిందికి వచ్చినప్పుడు, పథకాలను సరిదిద్దుకోవడానికి వారికి గడువు ఉందని మీ శాఖ రాతపూర్వకంగా ప్రకటించాలన్నదే నా విన్నపం.

భార్యాభర్తల్లో ఒకరి వాటాను రెండోవారిదిగా లెక్కగట్టే అట్రిబ్యూషన్ నియమాలను నేను తప్పుపట్టడం లేదు. వ్యాపారాన్ని రెండుగా చీల్చి, ఒకటి జీవిత భాగస్వామి పేర పెట్టి, ఉద్యోగులను అందులోకి నెట్టి, వారికి పదవీ విరమణ పొదుపు అందకుండా చేసే దారిని మూసినవి అవే. స్వలింగ వివాహాలను ఫెడరల్ ప్రభుత్వం గుర్తించాలంటూ 2013 జూన్ 26న అమెరికా సుప్రీంకోర్టు విండ్సర్ తీర్పు ఇచ్చాక ఇవి స్వలింగ దంపతులకూ వర్తించాయి. దంపతులు ఏ రాష్ట్రంలో ఉంటున్నా, పెళ్లి జరిగిన చోట అది చెల్లితే చాలని పన్నుల శాఖ ఐఆర్‌ఎస్ అదే ఏడాది తేల్చింది. మరుసటి ఏడాది 2014-19 నంబరు నోటీసులో పింఛను పథకాల సంగతి విడమరిచి చెప్పింది. సమాన హక్కు వెంట సమాన బాధ్యత రావడం న్యాయమే.

అయితే ఆ బాధ్యత ఈ దంపతుల మీద పడిన తీరు వేరు. దేశమంతటా పెళ్లికి దారి తెరుచుకున్నది 2015లో, అదే కోర్టు ఇచ్చిన ఓబర్‌గెఫెల్ తీర్పుతో. అప్పటికే ఎందరో దశాబ్దాలుగా కలిసి బతుకుతూ, ఎవరి వ్యాపారం వారు నిర్మించుకుని, ఎవరి ఉద్యోగులను వారు పెట్టుకున్నారు. చట్టం వారిని అన్నేళ్లూ పరాయివాళ్లుగానే చూసింది. వారు తమ పథకాలను ఆ చట్టానికి తగ్గట్టే రాసుకున్నారు.

ఉదాహరణకు ఒకామెకు పన్నెండు మంది పాత ఉద్యోగులున్న దంత వైద్యశాల ఉందనుకుందాం. అక్కడ పింఛను పథకం లేదు. రెండో ఆమె ఒంటరిగా డిజైన్ కంపెనీ నడుపుతూ, తన ఒక్కరికే 401కె పెట్టుకుంది. వారానికి రెండు రోజులు వైద్యశాల లెక్కలు రాసి జీతం తీసుకుంటుంది. పెళ్లి కానంత కాలం ఏ చిక్కూ లేదు. పెళ్లయిన రోజు నుంచి వైద్యశాల ఆమెదిగా కూడా లెక్క. రెండూ ఒకే కంట్రోల్డ్ గ్రూప్, అంటే పథకాల విషయంలో ఒకే సంస్థ కింద లెక్క. ఆ పన్నెండు మందిలో ఒక్కరికీ చోటులేని ఆమె పథకం, తగినంత మంది ఉద్యోగులకు చోటిచ్చిందా అని చూసే కవరేజీ పరీక్షలో నిలవదు. ఆమె వైద్యశాలలో ఉద్యోగి కాకపోయి, అందులో వాటా గానీ నిర్వహణలో పాత్ర గానీ లేకపోతే పన్నుల చట్టం 1563వ సెక్షన్‌లోని మినహాయింపు కాపాడేది. ఒకరి పనిలో ఒకరు చేయి వేయని దంపతులు ఎందరుంటారు?

కాంగ్రెస్ కొంత మేలు చేసింది. 2022 డిసెంబరులో వచ్చిన సెక్యూర్ 2.0 చట్టం 315వ సెక్షన్ ప్రకారం, 2024లో మొదలైన పథక సంవత్సరాల నుంచి భార్యాభర్తల సంపాదన ఇద్దరిదీ అనే కొన్ని రాష్ట్రాల ఉమ్మడి ఆస్తి చట్టాన్నీ, ఇరవై ఒక్కేళ్లు నిండని బిడ్డ ఉండటాన్నీ సాకుగా తీసుకుని ఇద్దరి సంస్థలను కలపడం ఆగింది. మావాళ్లు ఎక్కువగా స్థిరపడ్డ టెక్సాస్ ఉమ్మడి ఆస్తి రాష్ట్రమే కాబట్టి ఇది మాకు చిన్న ఊరట కాదు.

మిగిలింది గడువు. ఒక సంస్థ ఇలాంటి గ్రూపులో చేరినా, బయటికి వచ్చినా, పథకంలో పెద్ద మార్పులు చేయనంత వరకు మరుసటి పథక సంవత్సరం చివరి దాకా పాత కవరేజీ చెల్లుతుందని పన్నుల చట్టం 410వ సెక్షన్ అంటుంది. మీ శాఖ నిబంధనలు మాత్రం కొనుగోళ్లు, విలీనాలు, ఆ తరహా లావాదేవీల గురించే మాట్లాడతాయి. పెళ్లి, విడాకులు అందులోకి వస్తాయా? పెద్ద కంపెనీ ఇంకో కంపెనీని కొంటే దొరికే వ్యవధి, ఇద్దరు మనుషులు పెళ్లాడితే సందేహంలో పడటం నాకు మింగుడుపడదు.

మా సమాజం గురించి కూడా చెప్పాలి. 2023 అక్టోబరు 17న భారత సుప్రీంకోర్టు స్వలింగ వివాహాన్ని గుర్తించడానికి నిరాకరించింది. ఇక్కడ చట్టబద్ధంగా పెళ్లి చేసుకున్న తెలుగువారిలో ఆ సంగతి ఇంట్లో చెప్పుకోలేనివారు ఉన్నారు. అలాంటివారు మేం ఏటా పంపే ప్రశ్నావళిలో జీవిత భాగస్వామి గడిని ఖాళీగా వదిలేస్తే, తప్పు బయటపడేసరికి ఏళ్లు గడుస్తాయి. వారిని నేను నిందించలేను. భయపడేవారికి వ్యవధి ఇంకా అవసరం.

కొత్త నిబంధన దాకా వెళ్లకపోయినా ఫరవాలేదు. వివాహం, విడాకులు కూడా 410వ సెక్షన్ గడువుకు అర్హమైన మార్పులేనని ఒక్క నోటీసు ఇవ్వండి. దంపతులు ఎవరైనా ఇదే వర్తిస్తుందని అందులోనే రాయండి.

భవదీయుడు,
ఒక పింఛను పథకాల నిర్వాహకుడు