చప్పిడి కూరలు ఇక ఉండవు

నమస్తే. విజయనగరంలో మా మధ్యాహ్నం క్యారియర్ తీసుకుంటున్న వాళ్ళందరికీ ఈసారి ధర ఒక్కటే చెప్పి ఊరుకోలేను.

బరువు తగ్గే భోజనం అంటే చప్పగానే ఉండాలనుకుని మొదలుపెట్టాను. ఉడకబెట్టిన బీన్సు, పోపు లేని పప్పు, కొర్రన్నం. మొదటి వారం అందరూ బుద్ధిగా తిన్నారు, మూడో వారానికి సగం మంది మానేశారు. ఒకావిడైతే ఫోన్ చేసి, "మీ క్యారియర్ తిన్న రోజు సాయంత్రం గంటస్తంభం దగ్గర బజ్జీలు తినకుండా ఇంటికెళ్ళలేకపోతున్నానమ్మా" అన్నారు. ఏమనగలను? ఆ చప్పిడి కూర మా ఇంట్లోనే ఎవరూ తినట్లేదు. మాకు విడిగా వండుకునేవాళ్ళం.

అప్పుడు మా అమ్మని వంటింట్లోకి పిలిచాను. అరటికాయ కూరకి ఆవ పెట్టింది. ఆనపకాయకి నువ్వుల పొడి, తోటకూరకి చింతపండు పులుసు, చారులోకి ఉలవలు. ఆవ ముద్ద మాత్రం కూర దించి, కాస్త చల్లారాకే కలపాలి. పొయ్యి మీద ఉండగా కలిపితే ఘాటు పోతుంది. ఆ ఘాటు ఉంటే నూనె తగ్గిందని నాలుకకి తెలియదు. క్యారియర్లు ఖాళీగా తిరిగి రావడం మొదలైంది.

కానీ రుచి కుదిరిన సంతోషంలో నా చెయ్యి జారింది. నెల రోజులైనా బరువు కదలట్లేదని ముగ్గురు చెప్పాక నూనె తూచి చూశాను. 40 క్యారియర్లకి రోజుకి 800 గ్రాములు! అంటే మనిషికి 20 గ్రాములు. గ్రాము నూనెకి 9 కేలరీలు, అంటే ఒక్క పూటకి నూనెలోనే 180. ఆ నెల తప్పు నాదే. మీరు నడకలో బద్ధకించారని అనుకోకండి. ఇప్పుడు పొద్దున్నే 300 గ్రాములు కొలిచి గిన్నెలో పెడుతున్నాం, అది అయిపోతే ఇక పోపు లేదు.

ఇంకో మాట. కొర్రలు, చోళ్ళు (రాగులు) తింటే చాలు, సన్నబడిపోతామని మా పాత పోస్టర్‌లో రాశాను. తీసేశాను. వండకముందు తూచి చూస్తే బియ్యానికీ వాటికీ కేలరీల్లో పెద్ద తేడా లేదు. చోళ్ళలో పీచు ఎక్కువ కాబట్టి ఆకలి కాస్త ఆగుతుంది, అంతే. అన్నం కావాలన్నవాళ్ళకి అన్నమే పెడతాం, గరిటె మాత్రం చిన్నది. సగం క్యారియర్ కూరలే ఉంటాయి. "నెలకి 10 కిలోలు" అన్న మాట కూడా కొట్టేశాను. వారానికి అర కిలో తగ్గినా మంచి లెక్కే. షుగర్ మందులు వాడేవాళ్ళు ముందు మీ డాక్టర్‌తో మాట్లాడండి.

కూరగాయలు, నువ్వులు ఎక్కువ పడుతున్నాయి కాబట్టి సోమవారం నుంచి 90 రూపాయల క్యారియర్ 100 అవుతుంది. ముందే నెల డబ్బులు కట్టినవాళ్ళకి ఆ నెలంతా పాత ధరే. ఆవ ఘాటు పడనివాళ్ళు ముందు రోజు రాత్రి మెసేజ్ పెడితే విడిగా తీసి ఉంచుతాం.

స్టీలు క్యారియర్లు ఇంకా 22 మీ ఇళ్ళలోనే ఉన్నాయి. మా అబ్బాయి వచ్చినప్పుడు ఇచ్చేయండమ్మా, మూతలతో సహా.