సూరిగాడికి, మాల తీసిన మూడోరోజు గురించి

గుంటూరు,
ఆదివారం మధ్యాహ్నం

ఒరేయ్ సూరిగా,

నీ ఉత్తరం వచ్చి నెల దాటింది. జవాబు రాయకపోవడం నా తప్పే, తిట్టుకో. రెండుసార్లు మొదలుపెట్టి సగంలో వదిలేశాను. ఇంట్లో అందరం కులాసా. అమ్మకి కుడికన్ను ఆపరేషన్ అయింది, ఇప్పుడు నా తెల్లవెంట్రుకలు లెక్కపెడుతోంది. పెద్దాడు బీటెక్‌లో చేరాడు, ఏ బ్రాంచో అడక్కు. గొడుగు ఇంకా దొరకలేదు. మిగతావి ఫోన్లో.

అసలు సంగతికొస్తా. ఉత్తరం చివర ఒక మాట రాశావు చూడు: "బావా నేనూ ఒకేరోజు మాల వేసుకున్నాం, ఒకేరోజు తీశాం. ఆయన మళ్ళీ ముట్టలేదు. నేను మూడోరోజుకే అంటించాను. నాలో సత్తా లేదురా." ఆ "సత్తా లేదు" అన్న ముక్క దగ్గర నాకు ఒళ్ళు మండిపోయింది. సిగరెట్టు మాన్పించే పనిలో ఉన్నవాడికి ఇలాంటి ఉత్తరం రాస్తావా? మీ ఇద్దరివీ మాలలు ఒకటే గానీ, మానాల్సిన సిగరెట్లు ఒకటి కావు. అది చెప్పేదాకా నాకు నిద్ర పట్టేలా లేదు.

ముందు ఆరు ప్రశ్నలు. ఇది సిగరెట్టుకి ఎంత బానిసయ్యామో కొలిచే ఫాగర్‌స్ట్రామ్ పరీక్ష, స్వీడన్ ఆయన పేరు మీద ఉంది, ఈ రూపంలో 1991 నుంచీ వాడుతున్నారు. మొత్తం 10 మార్కులు. లేచాక ఎంతసేపటికి మొదటిది? నీది మంచం దిగి బాత్రూం తలుపు గడియ పెట్టేలోపే కదా, 5 నిమిషాల్లోపు, 3 మార్కులు. రోజుకి 18, అంటే 11 నుంచి 20 మధ్య, ఒక మార్కు. అన్నిటికంటే వదులుకోలేనిది పొద్దుటిదే, ఒకటి. రోజంతా కంటే పొద్దున్నే ఎక్కువ తాగుతావు, ఒకటి. కాల్చకూడని చోట ఆగలేవు (ఇంటర్వెల్‌కి పది నిమిషాల ముందే హాల్లోంచి లేచిపోయే మహానుభావుడివి), ఒకటి. డెంగీ వచ్చి మంచాన పడ్డప్పుడు కూడా కిటికీ దగ్గరికి పాక్కుంటూ వెళ్ళావు, ఒకటి. మొత్తం 8. బావ సంగతి చూడు. రోజుకి ఆరు, మొదటిది ఆఫీసులో పదింటి టీతో, జ్వరం వస్తే వాసనే పడదు. ఆయనకి సున్నా. జీవితంలో ఒక్క పరీక్షలోనైనా బావకంటే నీకే మార్కులు ఎక్కువ వచ్చాయి, చెల్లెమ్మకి చెప్పి స్వీటు చేయించుకో.

ఆ మొదటి ప్రశ్నే అసలైనది. ఎందుకో వివరంగా చెప్తా, కాస్త లెక్కలున్నాయి, పారిపోకు.

ఒంట్లో చేరిన నికోటిన్ సగానికి తగ్గడానికి సగటున రెండు గంటలు పడుతుంది. కొందరికి గంటకే సగమైపోతుంది, కొందరికి నాలుగు గంటలు పడుతుంది. ఇప్పుడు ఎనిమిది గంటలు నిద్రపోయారనుకో. నాలుగు గంటల మనిషికి తెల్లారేసరికి పావు వంతు మిగిలుంటుంది. రెండు గంటల మనిషికి పదహారో వంతు. గంట మనిషికి 256లో ఒక వంతు, అంటే ఖాళీ. అందరూ రాత్రంతా మానేసినవాళ్ళే, కానీ ఖాళీ కడుపుతో లేచేది ఒక్కడే.

ఈ తేడా అంతా కాలేయంలో ఉంది. అక్కడ సీవైపీ2ఏ6 అనే ఎంజైము ఒకటి నికోటిన్‌ని కోటినిన్ అనే వేరే పదార్థంగా మారుస్తుంది. అది ఎంత చురుగ్గా పనిచేయాలన్నది చాలావరకు పుట్టుకతో వచ్చిన జన్యువుల్లోనే రాసి ఉంటుంది. త్వరగా కరిగించేవాళ్ళకి త్వరగా లోటు, అందుకే ఎక్కువ తాగుతారు, మానితే ఎక్కువ అల్లాడతారు. ఆడవాళ్ళలో ఇది ఇంకా వేగం, గర్భిణుల్లో మరీ వేగం. కడుపుతో ఉండీ మానలేకపోతోందని ఎవరినైనా దెప్పే ముందు ఇది గుర్తుపెట్టుకోవాలి. సరే, ఆ గోల ఇంకోసారి.

నీ కాలేయం ఏ రకమో మామూలు ల్యాబులో చెప్పరు. బావ కాలేయం నిదానమనీ నీది వేగమనీ నేను రాసివ్వలేను. 5 నిమిషాల మనిషిగా నిన్ను చూసి ఊహించడమే. కానీ వైద్యం మొదలెట్టడానికి ఆ ఊహ చాలు.

ఇంకోటుంది. నికోటిన్ మెదడులోకెళ్ళి కూర్చునే చోట్లను రిసెప్టర్లు అంటారు. రోజూ తాగేవాడి మెదడులో వీటి సంఖ్య పెరుగుతుంది. మన హాస్టల్లో పులిహోర చేసినరోజు బెంచీలు పెరిగినట్టు. ఒకటి రెండు దమ్ములకే వాటిలో సగం నిండిపోతాయని స్కానింగుల్లో చూశారు. మానేస్తే పెరిగినవి మళ్ళీ మామూలు లెక్కకి దిగడానికి 6 నుంచి 12 వారాలు పడుతుంది. మండలం ఎన్ని రోజులు? 41. అంటే ఆరువారాలకి ఒకరోజు తక్కువ! నీ మెదడులో ఇంకా బెంచీలు తీయడం పూర్తికాకముందే నువ్వు మాల తీసేశావు.

జన్యువుల గొడవ కాలేయంతో ఆగలేదు. 15వ క్రోమోజోము మీద ఒక జన్యువుంది, 2008లో బయటపడింది. నికోటిన్ మోతాదు మించినప్పుడు "ఇక చాలు" అని వికారం పుట్టించే అలారం దాని చేతిలో ఉన్నట్టు ఎలుకల మీద చేసిన పరిశోధనల్లో తేలింది. కొందరిలో ఆ అలారం మొద్దు. ఇంటర్లో వాటర్ ట్యాంకు వెనక మొదటిసారి అంటించినప్పుడు మేమంతా దగ్గి, తల తిరిగి, ఒకడైతే కక్కి... నువ్వు మాత్రం రెండోది అడిగావు గుర్తుందా? ఆ రోజు నిన్ను హీరో అనుకున్నాం.

ఇప్పుడు మూడోరోజు. ఇక్కడే నువ్వు లెక్క తప్పావు. మానాక వచ్చే చిరాకు, నిద్రలేమి, ఆకలి, గుండెల్లో గుబులు రెండు మూడు రోజులకి తారస్థాయికి వెళ్ళి, రెండు నుంచి నాలుగు వారాల్లో సద్దుమణుగుతాయి. నీకూ అంతే జరిగింది. మొదటివారం గురుస్వామి మీదే అరిచావట, చెల్లెమ్మ చెప్పింది. నెలరోజులకి తేలికపడ్డావు. కాబట్టి మాల తీసిన మూడోరోజు నిన్ను లాగింది లోటు కాదు, టీకొట్టు. రోజుకి 18, ఒక్కోదానికి పది దమ్ములు వేసుకో, 180. ఏడాదికి 65,700. ప్రతి దమ్మూ పది ఇరవై సెకన్లలో మెదడుకి చేరి, ఆ క్షణాన పక్కన ఏముందో దానికి ముడేస్తుంది. ఇరానీ టీ కప్పు, ఫోను మోగడం, భోంచేసి చేయి కడుక్కోవడం, బాసు మీద కోపం. దీక్షలో ఆ ముళ్ళన్నీ దూరమయ్యాయి. చీకటితో చన్నీళ్ళ స్నానం, ఒంటిపూట భిక్ష, కాళ్ళకి చెప్పుల్లేవు, మందు లేదు, స్వామీ అని పిలిచేవాడెవడూ సిగరెట్టు చాపడు. మాల తీశాక అదే టీకొట్టు, అదే బెంచీ, డబ్బాలోంచి విడిగా ఒకటి. బావకి ఉన్న ముళ్ళు ఆరు, అవీ ఆఫీసులోనే. నీకు ఇంటి గుమ్మం దగ్గర్నుంచీ ముళ్ళే. (మాలలో కూడా గుడి వెనక్కెళ్ళి లాగే స్వాములున్నారు, వాళ్ళ పేర్లు నీకూ నాకూ తెలుసు, వదిలేయ్.)

ఇంకో దొంగ ఉన్నాడు, ఎవరూ పట్టించుకోనివాడు. టీ. సిగరెట్టు పొగలోని తారు కాలేయంలో ఇంకో ఎంజైమును రెచ్చగొడుతుంది, అది కెఫీన్‌ని గబగబా కరిగించేస్తుంది. అందుకే రోజుకి ఏడు టీలు తాగినా గుర్రుపెట్టి నిద్రపోయేవాడివి. సిగరెట్టు మానగానే ఆ వేగం పడిపోతుంది, అవే ఏడు టీలతో ఒంట్లో కెఫీన్ దాదాపు రెట్టింపవుతుంది. చేతులు వణకడం, గుండె దడ, రాత్రి రెండింటిదాకా ఫ్యాను చూడటం. నువ్వేమో "సిగరెట్టు లేక ఇలా అవుతోంది" అనుకుని అంటిస్తావు. మానిన రోజునుంచే టీలు సగానికి తగ్గించు. ఇది చేయకుండా మిగతాది చేసినా...

సరే, ఆ నికోటిన్ చూయింగ్ గమ్. "డబ్బులు దండగ, ఎక్కిళ్ళు తప్ప ఏం రాలేదు" అన్నావు. ఎలా నమిలావురా? బబుల్‌గమ్‌లా నమిలి, రసం మింగి, పైన టీ పోశావు కదూ? మింగిన నికోటిన్ కాలేయంలోనే చాలావరకు ఖతం, మిగిలేవి ఎక్కిళ్ళు, కడుపులో మంట. దాన్ని వక్కలా వాడాలి. నెమ్మదిగా పది పదిహేను నములు నమిలేసరికి మిరియం ఘాటులా చురుక్కుమంటుంది. అప్పుడు ఆపి, చిగురుకీ బుగ్గకీ మధ్య పెట్టుకో. ఘాటు తగ్గాక మళ్ళీ రెండు నములు, రెండో బుగ్గకి. అలా అరగంట. పెట్టుకోడానికి పావుగంట ముందునుంచీ టీ, కూల్‌డ్రింకు, నిమ్మరసం వద్దు, నోరు పుల్లబడితే నికోటిన్ చర్మంలోకి ఇంకదు. (మీ నాయనమ్మ అడ్డచుట్ట పొగ మింగకుండానే మత్తు ఎలా వచ్చేదో అర్థమైందా? చుట్ట పొగ క్షారగుణం, నోట్లోనే ఇంకిపోతుంది. సిగరెట్టు పొగకి పుల్లగుణం, ఊపిరితిత్తులదాకా లాగాల్సిందే.) పైగా నువ్వు కొన్నది 2 మి.గ్రా. లేచిన అరగంటలోపు తాగేవాడికి 4 మి.గ్రా. కావాలి, దానికి డాక్టరు చీటీ ఉండాలి. మొదటి ఆరువారాలు గంటకో రెండు గంటలకో ఒకటి. నోరు పీకేదాకా ఆగకు, గడియారం చూసి పెట్టుకో.

గమ్ ఒక్కటే కూడా నీలాంటి 8 మార్కులవాడికి చాలదు. ఒంటికి అంటించుకునే నికోటిన్ ప్యాచ్, గమ్ కలిపి వాడితే విడివిడిగా కంటే బాగా పనిచేస్తాయి. రోజుకి పది దాటి తాగేవాడికి 21 మి.గ్రా. ప్యాచ్ ఆరువారాలు, 14ది రెండు వారాలు, 7ది రెండు వారాలు. వెంట్రుకలు లేనిచోట, రోజుకో చోట. పిచ్చి కలలొస్తే రాత్రి తీసేయొచ్చు, కానీ నీ పొద్దుటి ఐదు నిమిషాల సంగతి తెలుసు కాబట్టి ఉంచుకోమనే అంటా.

ఇంకో మంచి దారి వేరినిక్లిన్ మాత్ర. నికోటిన్ కూర్చునే చోట తానే కూర్చుని సగం తృప్తినిస్తుంది, పైన సిగరెట్టు తాగినా మజా రాదు. 2015లో వచ్చిన ఒక పెద్ద పరిశోధనలో, నికోటిన్‌ని నిదానంగా కరిగించేవాళ్ళకి ప్యాచ్ కూడా దీనికి సమానంగానే పనిచేసింది, మామూలు వేగమో అంతకంటే ఎక్కువ వేగమో ఉన్నవాళ్ళకి మాత్రం ఈ మాత్రే మెరుగు. నీది రెండో గుంపనే నా పందెం. మూడు రోజులు 0.5 మి.గ్రా. రోజుకొకటి, తర్వాత నాలుగు రోజులు రెండుపూటలా 0.5, ఎనిమిదో రోజునుంచి రెండుపూటలా 1 మి.గ్రా., మొత్తం 12 వారాలు. సిగరెట్టు మానాల్సింది రెండోవారంలో, మొదటిరోజే కాదు. పరగడుపున వేసుకుంటే కడుపులో తిప్పొచ్చు, అన్నం తిన్నాక గ్లాసుడు నీళ్ళతో. చిన్నప్పుడు నీకు వచ్చిన ఫిట్స్ సంగతి డాక్టరుకి తప్పకుండా చెప్పు. బ్యూప్రోపియాన్ అని ఇంకో మాత్ర ఉంది, ఫిట్స్ వచ్చినవాళ్ళకి అది ఇవ్వరు. వేరినిక్లిన్ కూడా ఆ సంగతి తెలిశాకే రాయాలి.

ఒరేయ్, ఒకమాట. మీ నాన్నగారు పోయినప్పటినుంచీ 10 ఉన్నవి 18 అయ్యాయి. నేను గమనించలేదనుకోకు. మనసు దిగులుగా ఉన్నవాళ్ళకి మానడం ఇంకా కష్టం, దిగులూ సిగరెట్టు లోటూ ఒకేలా ఉంటాయి, ఏది ఏదో తెలీదు. పొద్దున లేవబుద్ధి కాకపోవడం ఇంకా అలాగే ఉంటే అది కూడా అదే డాక్టరుకి... నువ్వు చెప్పవులే. నేనే వస్తా తోడు.

18ని 8కి తగ్గించి చూస్తా అన్నావు, వద్దు. ఆ ఎనిమిదీ పీకదాకా గట్టిగా లాగుతావు, ఒంటికి చేరేది అనుకున్నంత తగ్గదు. మొదటి రెండు వారాలు మలబద్ధకం కూడా రావచ్చు, నికోటిన్ పేగుల్ని కదిలిస్తుంది మరి. నీ బాత్రూం సిగరెట్టు ఊరికే అలవాటవ్వలేదు. రాత్రి రెండు జామకాయలు, లేవగానే రెండు గ్లాసుల గోరువెచ్చని నీళ్ళు. ఆ గోడమీది అగ్గిపెట్టె చెల్లెమ్మ చేత తీయించేయ్. నోరు పీకడం మూడు నుంచి ఐదు నిమిషాలే ఉంటుంది, ఆ ఐదు నిమిషాలూ టీకొట్టు బెంచీ మీద గడపకు.

సిగరెట్టు పెట్టె మీద 1800-11-2356 అని ఉంటుంది చూడు, 2016లో ఢిల్లీలో మొదలైన ఉచిత ఫోను. మా దగ్గరికి రావడానికి సిగ్గైతే అక్కడికి చెయ్, తెలుగులోనే మాట్లాడతారు. మార్కులు 8 అని ముందే చెప్పు, మనోబలం గురించి క్లాసు పీకకుండా నేరుగా

ఇదిగో, పక్కింటి కుర్రాడు బ్యాగు సర్దుకుని గుమ్మంలో నుంచున్నాడు, ఆరింటి బస్సుకి హైదరాబాద్ వస్తున్నాడు, ఈ కాగితాలు వాడి చేతికే ఇస్తున్నా. వాడి ముందు అంటించకు. బావకి ఈ ఉత్తరం చూపించకు, సున్నా మార్కులని తెలిస్తే రీవాల్యుయేషన్ పెట్టిస్తాడు. మానే తేదీ ఎప్పుడో రాయి, నేను