హోంవర్క్ మొత్తం లెక్క ఎవరు చూస్తున్నారు?

సంపాదకులకు నమస్కారం.

నేను హన్మకొండలో ఇంటి ముందు గదిలోనే మిషను పెట్టుకుని బట్టలు కుడతాను. మా అమ్మాయి ఇక్కడి ఒక కతోలిక పాఠశాలలో ఏడో తరగతి చదువుతోంది. సాయంత్రం ఐదున్నరకు నా మిషను పక్కన చాప వేసుకుని కూర్చుంటుంది. నేను ఆఖరి జాకెట్టుకు హుక్కులు కుట్టి లేచే వేళకు కూడా ఇంకా రాస్తూనే ఉంటుంది.

బడి పేరు రాయను. ఆ బడి అంటే నాకు గౌరవం ఉంది. మాది కతోలిక కుటుంబం. నేను కూడా మానుకోట వైపు ఒక పల్లెలో సిస్టర్ల బడిలోనే పదో తరగతి దాకా తెలుగు మాధ్యమంలో చదివాను. మా ఊళ్లో చర్చి కంటే ముందు బడి గదులే లేచాయని మా నాన్న చెప్పేవారు. అక్కరకు వచ్చే నాలుగు అక్షరాలు నాకు అబ్బాయంటే అది ఆ సిస్టర్ల చలవే. అందుకే ఊరుకోలేక రాస్తున్నాను.

గత నెల ఒక బుధవారం మా అమ్మాయి డైరీలో ఉన్నది ఉన్నట్టు చెబుతాను. ఇంగ్లిషులో పాఠం చివరి ఐదు ప్రశ్నలకు జవాబులు. గణితంలో సరళ సమీకరణాల లెక్కలు ఎనిమిది. హిందీలో రెండు పేజీల చేతిరాత. సైన్సులో బొమ్మ గీసి భాగాలు గుర్తించడం. తెలుగులో ఒక పద్యం కంఠస్థం, దానికి ప్రతిపదార్థం. సోషల్‌లో కాకతీయుల పాఠం నుంచి మూడు ప్రశ్నల జవాబులు, ఒక్కొక్కటి మూడుసార్లు. ఇవి కాక శుక్రవారానికి ప్రాజెక్టు: థర్మకోల్‌తో కాకతీయ తోరణం.

సోషల్ వంతు వచ్చేసరికి రాత్రి 9 దాటింది. కళ్లు మూతలు పడుతున్నాయి. “చదువుకుంటూ రాయమ్మా, గుర్తుంటుంది” అన్నాను. “చదవనక్కర్లేదమ్మా, రాస్తే చాలు” అంది. ఎదురు చెప్పాలని అన్న మాట కాదు. తనకు అర్థమైన నియమం అదే. మర్నాడు సాయంత్రం నోట్సు తెరిచి చూశాను. మొదటిసారి రాసినప్పుడు వేయి స్తంభాల గుడి కట్టించింది రుద్రదేవుడు. రెండోసారీ రుద్రదేవుడే. మూడోసారి రుద్రమదేవి. నిద్రలో ఒక అక్షరం జారి వంద ఏళ్ల చరిత్ర తారుమారైంది. దాని కింద ఎర్ర సిరాతో టిక్కు, పక్కన ‘గుడ్’.

టీచరును నేను తప్పు పట్టను. తరగతిలో 48 మంది. ఒక్కొక్కరు మూడేసిసార్లు రాసిన మూడు జవాబులంటే 432. ఇలాంటి సెక్షన్లు ఆమెకు మూడున్నాయి. అన్నీ చదివి దిద్దాలంటే ఆమె ఇంట్లో పొయ్యి వెలగదు. పిల్ల చదవకుండా రాస్తోంది, టీచరు చదవకుండా దిద్దుతున్నారు. మరి ఆ పేజీలు ఎవరి కోసం?

మా ఇంటి నుంచి వేయి స్తంభాల గుడికి నడిచి వెళితే పావుగంట. ఆ ఆదివారం చర్చిలో పూజ అయ్యాక పిల్లను అటు తీసుకెళ్లాను. ఏడేళ్లుగా ఆ దారిలోనే ఆటోలో బడికి వెళ్లి వస్తోంది, లోపలికి మాత్రం ఎప్పుడూ వెళ్లలేదు. 1163 నాటి శాసనం ముందు నిలబడి, ఒక్క అక్షరమూ చదవలేకపోయినా, అంకెల కోసం వెతికింది. గుడి నక్షత్రం ఆకారంలో ఎందుకుందని అడిగింది. శివుడు, విష్ణువు, సూర్యుడు ముగ్గురికీ మూడు గర్భగుళ్లు ఉన్నాయని అక్కడ ఒక పెద్దాయన చూపిస్తే, మూడింటి దగ్గరికీ వెళ్లి వచ్చింది. నల్లరాతి స్తంభం మీద వేలు పెట్టి, “అమ్మా, ఇది నీ కత్తెర కంటే నున్నగా ఉంది” అంది. ఇంటికి వచ్చాక ఎవరూ చెప్పకుండానే అర పేజీ రాసింది, సగం ఇంగ్లిషు, సగం తెలుగు. కట్టించినవారి పేరు ఈసారి తప్పు పోలేదు. ఆ అర పేజీని ఎవరూ అడగలేదు కనుక దానికి మార్కుల్లేవు. థర్మకోల్ తోరణానికి మాత్రం పూర్తి మార్కులు వచ్చాయి. దాన్ని 180 రూపాయలు పెట్టి సామాను కొని, రాత్రి పదకొండింటి దాకా కూర్చుని కోసింది నేను. అసలు తోరణాలు ఖిలా వరంగల్‌లో నాలుగు దిక్కులా నిలబడి ఉండగా, మన పిల్లలకు థర్మకోల్ ముక్కలు ఎందుకు?

పాఠ్య పుస్తకాన్ని నేను అనడం లేదు. మా పక్కింటి అబ్బాయి ప్రభుత్వ బడిలో ఏడో తరగతి. ప్రభుత్వ బడుల్లో 2022-23 నుంచి ఒక పేజీ తెలుగు, ఎదురు పేజీ ఇంగ్లిషు ఉన్న పుస్తకాలు ఇస్తున్నారు. ఆ అబ్బాయి పుస్తకం అడిగి తెచ్చుకుని కాకతీయుల పాఠం తెలుగులో చదివాను. మంచి పాఠం. మధ్య మధ్యలో ఆగి ఆలోచించమని, మాట్లాడుకోమని ప్రశ్నలున్నాయి. మా అమ్మాయి నోట్సులో ఆ ప్రశ్నలు ఒక్కటీ లేవు. ఉన్నవి పరీక్షకు వచ్చే ప్రశ్నలు, బోర్డు మీద నుంచి దించుకున్న జవాబులు.

ఒక వారం పాటు గోడ గడియారం చూసి, పిల్ల పెన్ను పట్టిన సమయం నుంచి సంచి సర్దేదాకా నా కొలతల పుస్తకం వెనుక పేజీలో రాశాను. భోజనం, మధ్యలో లేచిన సమయం తీసేశాను. సోమవారం గంటా 55 నిమిషాలు. మంగళవారం 2 గంటల 10 నిమిషాలు. బుధవారం 2 గంటల 40. ఆదివారం కూడా కలిపితే వారానికి 13 గంటలు దాటింది. కేంద్ర విద్యాశాఖ 2020లో ప్రకటించిన బడి సంచి విధానం ఆరు నుంచి ఎనిమిదో తరగతి పిల్లలకు హోంవర్క్ రోజుకు గంట మించకూడదని చెబుతోంది. మూడు, నాలుగు, ఐదు తరగతులకైతే వారం మొత్తానికి రెండు గంటలే.

ఈ లెక్క పట్టుకుని టీచర్ల దగ్గరికి వెళ్లాను. ప్రతి ఒక్కరూ నిజమే చెప్పారు. “నేనిచ్చేది ఇరవై నిమిషాల పని” అన్నారు గణితం సార్. “నాది పావుగంటే” అన్నారు హిందీ టీచర్. ఎవరూ అబద్ధమాడలేదు. కానీ ఆరుగురు ఇచ్చింది ఒక్క పిల్ల చేతి మీద పడుతుంది. ఆ మొత్తం ఎంతో చూసేవారు బడిలో ఒక్కరూ లేరు. జాకెట్టుకు మెడ ఒకరు, చేతులు ఒకరు, నడుము ఒకరు ఎవరి కొలతలు వారు వేసుకుని కుడితే ఆ జాకెట్టు ఎవరికి పడుతుంది?

సంచి సంగతి కూడా అంతే. మా వీధి కిరాణా కొట్లో కాంటా మీద పెడితే 6 కిలోల 400 గ్రాములు తూగింది. పిల్ల బరువు 31 కిలోలు. సంచి పిల్ల బరువులో పదో వంతు మించకూడదని ఆ విధానంలోనే ఉంది. మన రాష్ట్ర ప్రభుత్వం 2017లోనే ఆరు, ఏడు తరగతులకు 4 కిలోలని హద్దు పెట్టింది. ఒక్కో సబ్జెక్టుకు పాఠ్య పుస్తకం, క్లాస్‌వర్క్ నోట్సు, హోంవర్క్ నోట్సు, ఎఫ్‌ఏ (నిర్మాణాత్మక మూల్యాంకనం) రికార్డు. తూకం పెరగక ఏమవుతుంది?

చట్టం మాట ఎత్తితే, మాది మైనారిటీ విద్యాసంస్థ అంటారు బడివారు. నిజమే, 2014లో సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం మైనారిటీ విద్యాసంస్థలకు విద్యాహక్కు చట్టం వర్తించదని తీర్పు చెప్పింది. మన బడులను మనమే నడుపుకునే హక్కు రాజ్యాంగంలోని 30వ అధికరణం ఇచ్చింది. కతోలికురాలిగా ఆ హక్కు నాకూ విలువైనదే. అయితే ఆ హక్కుతో మనం చేస్తున్నదేమిటి? ర్యాంకుల బోర్డులు కట్టుకునే కార్పొరేట్ బడులు ఎలా నడుస్తున్నాయో మనమూ అలాగే నడిస్తే, వేరుగా నడుపుకునే హక్కు ఎందుకు?

1965 అక్టోబరులో రెండో వాటికన్ మహాసభ (ప్రపంచ కతోలిక బిషప్పుల సభ) విద్య గురించి చేసిన ప్రకటన, తల్లిదండ్రులే పిల్లలకు మొదటి, ముఖ్యమైన గురువులని చెప్పింది. మా చర్చి ఫాదర్ కూడా ఈ మాట ప్రసంగంలో చాలాసార్లు అన్నారు. మరి తల్లి అనే ఆ గురువుకు పిల్లతో గడిపే సమయం ఎక్కడుంది? పిల్లకు కాజా కుట్టడం నేర్పాలని రెండేళ్లుగా అనుకుంటున్నాను. ఇంట్లో జపమాల చెప్పుకునే వేళ 7 గంటలు. ఇప్పుడు మేం ముగ్గురం చెప్పుకుంటాం, తను పక్క గదిలో రాసుకుంటుంది. ఆదివారం మరీ కష్టం. పూజ, సత్యోపదేశం (పిల్లలకు మత బోధన తరగతి) ముగిసి ఇల్లు చేరేసరికి పదకొండు. సోమవారానికి ఇచ్చిన పని ముందు పెట్టుకుని కూర్చుంటే మధ్యాహ్నం పోతుంది. ప్రభువు దినాన్ని విశ్రాంతిగా గడపాలని సత్యోపదేశంలో సిస్టర్లే నేర్పుతారు. ఆ సిస్టర్ల బడే ఆ రోజుకు మూడు గంటల పని ఇచ్చి పంపుతోంది. “నిన్న పూజకు వెళ్లాను సిస్టర్, అందుకే పూర్తి కాలేదు” అని చెప్పి మా అమ్మాయి ఒకసారి తరగతి బయట నిలబడింది. ఆ రోజు నాకు అన్నం సయించలేదు.

నేను హోంవర్క్ వద్దనేదాన్ని కాదు. ఎక్కాలు నోటికి రావాలి, లెక్కలు సాధన చేయాలి, చేతిరాత కుదురుగా ఉండాలి. మా చిన్నప్పుడు ఒక సిస్టర్ రోజుకు ఒక్క పేజీ రాయించేవారు, దాన్ని అక్షరం అక్షరం చూసేవారు. శనివారం మాత్రం రాసే పని ఉండేది కాదు. మీ ఊరి చెరువు పేరేమిటి, దాని కింద ఏ పంట పండుతుంది, మీ నానమ్మను అడిగి రండి అనేవారు. మా నానమ్మ చెప్పిన ఏడు రకాల వడ్ల పేర్లు నాకు ఇప్పటికీ నోటికి వస్తాయి.

నేను అడుగుతున్నది ఖర్చు లేని పని. తరగతి గదిలో బోర్డుకు ఒక మూల చిన్న గడి గీయండి. ఏ టీచరు హోంవర్క్ ఇచ్చినా అది ఎన్ని నిమిషాల పనో ఆ గడిలో వేయండి. మొత్తం 60కి చేరితే తరువాత వచ్చే టీచరు ఆ రోజుకు ఇవ్వకండి. శనివారం సాయంత్రం ఆ గడిని ఖాళీగా ఉంచండి. ప్రాజెక్టులు షాపులో కొనేవి కాకుండా కళ్లతో చూసి, ఇంట్లో అడిగి రాసేవి ఇవ్వండి.

మూడు వారాల క్రితం ఇదే విషయం ప్రధానోపాధ్యాయురాలైన సిస్టర్‌కు కాగితం మీద రాసి ఇచ్చాను. ఆమె నా ముందే పూర్తిగా చదివారు. “మీరు తగ్గించమంటున్నారు. నెలకు పది మంది తల్లిదండ్రులు వచ్చి పెంచమని అడుగుతున్నారు. ఖాళీ నోట్సు చూస్తే ఫీజులు ఎందుకు కడుతున్నామని గొడవ పెడుతున్నారు. పెద్దలంతా ఒక మాట మీదికి రండి, నేను మారుస్తాను” అన్నారు. ఆ మాటలో నిజం ఉంది. నోట్సు నిండితే పిల్ల చదివినట్లేనని మనమే అనుకుంటున్నాం.

కాబట్టి ఈ ఉత్తరం సిస్టర్ల కంటే ముందు మన జిల్లాలోని తల్లిదండ్రులకు. వచ్చే తల్లిదండ్రుల సమావేశం లోపు ఒక్క వారం గడియారం చూడండి. మీ పిల్లలు ఎన్ని నిమిషాలు రాశారో రోజువారీగా ఒక కాగితం మీద వేసి, సమావేశానికి తీసుకురండి. నా కొలతల పుస్తకం నేను తెస్తాను.

ఇట్లు
ఏడో తరగతి విద్యార్థిని తల్లి,
హన్మకొండ