నీల్ ద్వీపం నుంచి

గ్రూపు సభ్యులందరికీ నమస్కారం. 2018లో షహీద్ ద్వీప్‌గా పేరు మారినా చాలామంది ఇప్పటికీ నీల్ అనే పిలిచే ఈ చిన్న అండమాన్ దీవిలో మాకిది మూడో రోజు. ఇంత తూర్పున ఉన్నా గడియారం మాత్రం మనదే కావడంతో, ఈ డిసెంబరులో సాయంత్రం 5 గంటల ప్రాంతంలోనే సూర్యుడు లక్ష్మణ్‌పూర్ తీరాన అస్తమిస్తున్నాడు. అందువల్ల మధ్యాహ్నపు కునుకును (నాకు అసలు సెలవంటే అదే) కాస్త కుదించుకోవలసి వచ్చింది.

నిన్న పోటు తగ్గి నీరు వెనక్కి వెళ్లినప్పుడు, రాతి వంతెన దగ్గర నేను విడిచిన చెప్పుల పక్కనున్న బొటనవేలంత శంఖం మెల్లగా కదిలింది. అందులో కాపురముంటున్న పీత కాళ్లు చాపి, నా చెప్పు మీదుగా నింపాదిగా నడిచిపోయింది. పిల్లలు గవ్వలు తెమ్మన్నారు గానీ, అనుమతి లేకుండా ఇక్కడి గవ్వలనూ పగడాలనూ తీసుకెళ్లకూడదు కనుక ఫొటోలే పంపుతున్నాను.