బెల్టు అంచు దాకా ఎక్కేసింది, బావా!

శ్రీకాకుళం,
ఆదివారం పొద్దున్న

ఒరేయ్ బావా,

నీ ఉత్తరం వచ్చి చాన్నాళ్ళయింది. జవాబు రాయలేదని కోపంగానే ఉండుంటావు. క్షమించరా. ఇక్కడ అందరూ బాగున్నారు. అమ్మకి మోకాలి నొప్పి కాస్త తగ్గింది, చెల్లి పరీక్షలు అయిపోయాయి. పొందూరు నుంచి మీ నాన్నగారికి పంచెలు తెచ్చి ఉంచాను. ఇంటి కబుర్లు ఇంతే. అసలు సంగతి చెప్పకపోతే నాకు నిద్ర పట్టేలా లేదు.

మన స్కూటర్‌కి గేర్లు మార్పించాను!

గేర్లు లేని బండికి గేర్లు మార్చడమేంట్రా అంటావు. అక్కడే ఉంది మజా అంతా. నాతవలస దాకా హైవే, అక్కడ కుడికి తిరిగి విజయనగరం. ఆఫీసుకి ఇదే దారి కదా. 125 సీసీ బండి, 60 దాకా హాయిగా పోతుంది. 70 అయ్యేసరికి ఇంజన్ కేకలు, సీటు కింద వణుకు. ఎచ్చెర్ల దాటగానే నువ్వు వెనకనుంచి "సన్నాయి మొదలైందిరా, తాళి కట్టెయ్" అనేవాడివి, గుర్తుందా? రోడ్డు ఆరు లైన్లయ్యాక పక్కనుంచి లారీలు దూసుకుపోతుంటే నాకు రోజూ టెన్షనే.

బెల్టుని పైకి నెట్టే రోలర్లు (పుల్లీలో ఉండే చిన్న బరువులు) ఇంకా బరువైనవి వేస్తే హైవే మీద బాగా పోతుందని అందరూ అంటుంటే ఏడు రోడ్ల దగ్గరున్న మన మేస్త్రి గారి దగ్గరికి వెళ్ళాను. ఆయన వెంటనే సామాను తియ్యలేదు. ఎడమవైపు కవర్ విప్పి, మార్కర్ పెన్నుతో ముందు పుల్లీ మీద మధ్యనుంచి అంచు దాకా ఒక గీత గీశారు. కవర్ బిగించి, "ఎచ్చెర్ల దాకా ఫుల్లుగా తోలుకుని రా బాబూ" అన్నారు. వచ్చాక మళ్ళీ విప్పారు. గీత మొత్తం చెరిగిపోయింది, అంచు దాకా! "చూశావా, బెల్టు ఎక్కాల్సినంతా ఎక్కేసింది. రోలర్లు మార్చినా దీని దగ్గర ఇంకేం మిగల్లేదు" అన్నారు. మీటర్ లేదు, కంప్యూటర్ లేదు, ఒక్క గీతతో తేల్చేశారురా! అప్పట్నుంచి ఎవరు కనిపించినా ఇదే చెప్తున్నాను.

ముందు పుల్లీ అంటే ఎదురెదురుగా రెండు పళ్ళేలు, మధ్యలో బెల్టు. అందులో ఆరు రోలర్లుంటాయి. ఇంజన్ వేగం పెరిగేకొద్దీ అవి బయటికి జరిగి ఒక పళ్ళేన్ని రెండోదాని వైపు నెడతాయి. బెల్టు నలిగి పైకి ఎక్కుతుంది. వెనక పుల్లీ తన స్ప్రింగుని నొక్కుకుంటూ విచ్చుకుంటే అక్కడ బెల్టు లోపలికి దిగుతుంది. మన గేరు మారడం అంటే ఇదే. రోలర్ల బరువు చెప్పేది బెల్టు ఎప్పుడు ఎక్కాలో మాత్రమే. ఎంత ఎత్తుకి ఎక్కగలదన్నది పుల్లీ సైజుని బట్టి. ఇక మిగిలింది వెనక చక్రం పక్కన గేర్ ఆయిల్లో మునిగి ఉండే చిన్న గేర్లు. వాటి గురించి ఎవరూ మాట్లాడరెందుకో!

మేస్త్రి గారు మన ఇంజన్ కేసుకి సరిపోయే వేరే గేర్ల సెట్ తెప్పించారు. పళ్ళ లెక్క తేడా. ఇప్పుడు అదే స్పీడుకి ఇంజన్ పదో వంతు తక్కువ తిరుగుతుంది. అంటే ఇంతకుముందు 63 మీద ఎంత తిరిగేదో ఇప్పుడు 70 మీద అంతే. స్పీడోమీటర్ కేబుల్ ముందు చక్రం నుంచి వస్తుంది కాబట్టి మీటర్ తప్పు చూపదు. కానీ బండి బలం పెరగలేదు, ఆ మాట స్పష్టంగా చెప్తున్నా. సిగ్నల్ దగ్గర లేచేటప్పుడు కాస్త బరువుగా ఉంది. అందుకే రోలర్లు ఒక్కోటీ గ్రాము తేలికవి వేయించాం, అంటే అందరూ చెప్పినదానికి సరిగ్గా ఎదురు! బెల్టు తొందరపడి పైకి పోకుండా, అమ్మని ఎక్కించుకుని ఫ్లైఓవర్ ఎక్కుతున్నా ఇంజన్ దమ్ము ఉన్నచోటే ఉంటుంది. వెనక గట్టి స్ప్రింగు కూడా వేద్దామా అంటే మేస్త్రి గారు వద్దన్నారు, బెల్టు వేడెక్కి తొందరగా అరుగుతుందట.

మొన్న పొద్దున్నే వెళ్ళాను బావా. చిలకపాలెం దాటాక 70 మీద పెట్టాను. వణుకు లేదు! రణస్థలం దాకా టైర్ల చప్పుడు వినిపించింది, ఈ బండి మీద టైర్ల చప్పుడు విన్నది అదే మొదలు. పైడిభీమవరం దగ్గర ఎదురుగాలి కొట్టింది, స్పీడు కొంచెం తగ్గింది, అంతే. 80 దాటించలేదు, భయపడకు. రూలూ అదే, బ్రేకులూ పాతవే. నువ్వు వెనక లేవని మాత్రం ఎందుకో చాలా బెంగగా అనిపించింది. రణస్థలంలో టీ తాగుతుంటే ఆ బజ్జీల అమ్మాయి... సరే, అది ఉత్తరంలో వద్దు, మీ ఆవిడ చదువుతుంది.

పెట్రోలు లెక్క ఇంకా తేలలేదు. బెల్టు గురించి కూడా చెప్పాలి, పాతదాని వెడల్పు కొలిపించానా, అది అరిగి... అదిగో బాబాయి ఆమదాలవలస బయల్దేరిపోతున్నాడు, రైలు టైమైందట. ఖరగ్‌పూర్ వస్తున్నాడు కదా, ఈ ఉత్తరం ఆయన చేతికే ఇస్తున్నా. దసరాకి రా, నాతవలస దాకా నువ్వే తోలాలి.

నీ
బావ