నీళ్ళ సీసాల సంగతి

చీరాల
అక్టోబరు 24

అమ్మలూ,

నేను పంపినవాటికి నీలం టిక్కులు పడుతున్నాయి గానీ జవాబు రావడం లేదు. పరీక్షలేమో అనుకుని ఊరుకున్నాను. ఫోన్ చేద్దామంటే స్పీకర్ పెట్టమని మీ నాన్న పక్కనే చేరతారు. అందుకని కాగితం మీద రాసి ఫోటోలు తీసి పెడుతున్నాను. తీరిగ్గా చదువుకో. ఇక్కడ అందరం బాగున్నాం. నాన్న షుగరు అదుపులోనే ఉంది, ఆయనే అదుపులో లేరు. కరివేపాకు చెట్టుకి మళ్ళీ పురుగు పట్టింది. పండుగాడికి బెంగుళూరులో ఉద్యోగం వచ్చింది.

మొన్న రాజ్యం పిన్ని వచ్చింది. వాళ్ళ కార్తీక్ ఎవరిదో ఫేస్‌బుక్‌లో నీ ఫోటో చూశాడట. అట్లాంటాలో ఓటర్ల క్యూ, పక్కన నువ్వు నీళ్ళ సీసాల పెట్టె పట్టుకుని నిలబడ్డావట. "టోపీ పెట్టుకుంది అక్కయ్యా, సరిగా పోల్చుకోలేకపోయాను" అంది. టోపీ పెట్టుకుందంటే మా పిల్ల అయ్యుండదులే, ఎండలో గొడుగు పట్టుకోమంటేనే వినదు అని నవ్వేశాను. నేనేం పట్టించుకోలేదు.

పట్టించుకోలేదు గానీ, నిద్ర పట్టక ఆ రాత్రి, ఓటర్ల క్యూలో నీళ్ళివ్వడం మీద అక్కడున్న చట్టమేమిటో చదివాను. 2021లో మీ జార్జియా రాష్ట్రంలో తెచ్చారు. పోలింగు జరిగే భవనానికి 150 అడుగుల లోపల, క్యూలో ఉన్న ఓటరుకి నీళ్ళు గానీ తిండి గానీ ఇస్తే నేరమట. నాకు మీ తాతయ్య గుర్తొచ్చారు. రోహిణి కార్తెలో చలివేంద్రం పెట్టి, కుండలకు తడిగుడ్డ చుట్టి, దారిన పోయేవాళ్ళని పిలిచి మరీ పోసేవారు. ఆయన మనవరాలివి, నీ చెయ్యి ఊరుకోదు. కానీ తాతయ్యకి వీసా లేదమ్మా.

సరే, ఆ సంగతి వదిలెయ్. రిటైరైనా సోషల్ టీచర్ బుద్ధి పోదు, పాత పుస్తకాలు తీశాను. అమెరికాలో బానిసత్వం 1865లో రద్దయింది. రంగును బట్టి ఓటు నిరాకరించకూడదని 1870లో రాజ్యాంగ సవరణ వచ్చింది. ఆ ఏడే మిసిసిపీ నుంచి హైరమ్ రెవెల్స్ అనే నల్లజాతి ఆయన సెనేట్‌లో కూర్చున్నాడు. అక్కడితో కథ అయిపోయిందని మనం పిల్లలకు చెప్పేస్తాం. ఇచ్చిన ఓటును మళ్ళీ ఎలా లాక్కున్నారో చెప్పం. లూసియానాలో 1896లో ఓటర్ల జాబితాలో ఉన్న నల్లవాళ్ళు 1,30,334 మంది. 1904కి 1,342 మంది! అంతమంది చచ్చిపోలేదు కదా. చదువు పరీక్ష పెట్టారు, ఆస్తి చూపించమన్నారు, ఓటు పన్ను కట్టమన్నారు. 1867 జనవరి 1 నాటికి నీ తండ్రికో తాతకో ఓటు హక్కుంటే మాత్రం నీకు చదువు, ఆస్తి అక్కర్లేదు. అప్పటికి బానిసత్వం పోయి రెండేళ్ళు కాలేదు, ఎవరి తాతకుంటుంది ఓటు? ఎక్కడా 'నల్లవాడు' అని రాయకుండానే పని కానిచ్చారు. దొంగతెలివంటే అదీ.

మీ అమ్మమ్మకి సంతకం రాదు. అయినా 1952లో వెళ్ళి ఓటేసి వచ్చింది. అప్పుడు అభ్యర్థికో పెట్టె, పెట్టె మీద గుర్తు. చదివి వినిపించమని ఎవరూ అడగలేదు. అదే కాలంలో అలబామాలో, బళ్ళో పాఠాలు చెప్పే నల్ల టీచర్లని ఓటరు పరీక్షలో ఫెయిల్ చేసేవాళ్ళు. పేపరు దిద్దేదీ ఆ తెల్ల ఆఫీసర్లే, మార్కు వేసేదీ వాళ్ళే.

ఆ టీచర్ల కథ నీకు చెప్పానా? చెప్పినా మళ్ళీ విను. ఆ అలబామాలోనే సెల్మా అని ఊరు, నీకు మూడు నాలుగు గంటల దారేనట. అక్కడ ఓటరుగా నమోదు చేసే ఆఫీసు నెలకి రెండు రోజులే తెరిచేవారు. 1963 అక్టోబరు 7న మూడు వందల మందికి పైగా కోర్టు ముందు క్యూ కట్టారు. పొద్దుటినుంచీ ఎండలో ముసలీ ముతకా. క్యూ కదలదు. ఇద్దరు కుర్రాళ్ళు వాళ్ళకి తినడానికీ తాగడానికీ తీసుకెళ్తే పోలీసులు కొట్టి, ఈడ్చుకెళ్ళి బండెక్కించారు. ఎఫ్‌బీఐ వాళ్ళు చూస్తూ నిలబడ్డారు. (నీళ్ళ దగ్గరికే వచ్చానా మళ్ళీ? కావాలని కాదు.) టీచర్లు మాత్రం అప్పటిదాకా బయటికి రాలేదు. ఉద్యోగం తెల్లవాళ్ళ స్కూలు బోర్డు చేతిలో ఉంది, ఇంట్లో పిల్లలున్నారు, నేను వాళ్ళని తప్పు పట్టను. వాళ్ళ దగ్గర చదువుకునే పిల్లలేమో ఊరేగింపులకెళ్ళి జైళ్ళకు పోతున్నారు. చివరికి 1965 జనవరి 22న, శుక్రవారం, బడి వదిలాక, వంద మందికి పైగా టీచర్లు బయల్దేరారు. ముందు నడిచినాయన ఎఫ్.డి. రీస్, ఆయన కూడా సైన్సు మాస్టారే. మంచి బట్టలు కట్టుకుని, చేతిలో ఏం పట్టుకెళ్ళారో తెలుసా? పళ్ళు తోముకునే బ్రష్షులు! జైలుకి సిద్ధపడే వచ్చామని పైకెత్తి చూపించారు. షెరీఫ్ జిమ్ క్లార్క్ మనుషులు లాఠీలతో మెట్ల మీద నుంచి తోసేశారు. లేచి, చీర సర్దుకున్నట్టు కోట్లు సర్దుకుని, మళ్ళీ ఎక్కారు. మళ్ళీ తోశారు. జైల్లో మాత్రం పెట్టలేదు, పెడితే బళ్ళు మూతబడతాయి. తిరిగి బ్రౌన్ చాపెల్ చర్చికి వస్తే పిల్లలు లేచి చప్పట్లు కొట్టారట, వాళ్ళ టీచర్లకి! నేనెప్పుడు చదివినా ఇక్కడ కళ్ళజోడు తీసేస్తాను.

మార్చి 7న సెల్మా వంతెన మీద, ఓటు కోసం ఊరేగింపుగా వెళ్తున్నవాళ్ళని పోలీసులు కొట్టిన దెబ్బలు నీకు తెలిసినవే. ఆగస్టు 6న ప్రెసిడెంటు జాన్సన్ సంతకంతో ఓటు హక్కుల చట్టం వచ్చింది. అక్టోబరు 3న అదే జాన్సన్ ఇంకో చట్టం మీద సంతకం పెట్టాడు, వలసదారులది. అంతకుముందు మన దేశానికి ఏడాదికి 100 మంది కోటా. 1971లో రామం బాబాయి డెట్రాయిట్ వెళ్ళగలిగింది ఆ చట్టం వల్లే. "వాళ్ళ గొడవ మనకెందుకు" అని నాన్న అన్నప్పుడల్లా ఈ మాటే చెబుతాను. ఆయన టీవీ సౌండు పెంచుతారు.

2013లో అక్కడి సుప్రీంకోర్టు ఆ ఓటు చట్టానికి పళ్ళు పీకింది. లేకపోతే ఈ నీళ్ళ నిబంధన తెచ్చేముందు జార్జియా వాళ్ళు కేంద్రం అనుమతి అడగాల్సి వచ్చేది. అందుకని నీకు కోపం రావడం న్యాయమే. నేను వద్దనడం లేదు. వెళ్ళమనీ అనడం లేదు. 150 అడుగులంటే నేను అడుగులేసి చూశాను, మన గేటు నుంచి పాలబూతు దాటి ఇంకొంచెం. ఆ లోపలికి అడుగు పెట్టకు. ఆ బయట సంగతి కూడా కోర్టులో నలిగింది, ముందు లా చదివే నీ స్నేహితురాలిని కనుక్కో. ఓటరు ఫారాలు ముట్టుకోకు, ఎవరిచ్చినా సంతకం పెట్టకు. నువ్వక్కడ ఓటరువి కాదు, పొరపాటున పేరెక్కినా ప్రమాదమే. వీసా కాగితాల కాపీ సంచిలో ఉంచుకో. మీ యూనివర్సిటీలో విదేశీ విద్యార్థుల ఆఫీసు నంబరు ఫోన్‌లోనే కాదు, కాగితం మీద కూడా రాసుకో. నిలబడేటట్టయితే పొద్దున ఏదో ఒకటి తిని వెళ్ళు, కాఫీతో సరిపెట్టకు. నీళ్ళు అందరికీ పంచి నువ్వు తాగడం మర్చిపోతావు. ఆ టోపీ మంచిదే, పెట్టుకో.

సుజాత వాళ్ళబ్బాయి వచ్చే నెల మొదట్లో బయల్దేరుతున్నాడు, రెండు కిలోలకి ఒప్పుకున్నాడు. కందిపొడిలో వెల్లుల్లి వెయ్యనా, వద్దా? నీ రూమ్మేటు తినదన్నావుగా. శనివారంలోగా చెప్పు, పప్పు వేయించాలి.

అమ్మ